వంకర గోడలు, తిన్నని డబ్బాలు

రామచంద్రపురము మొదలుకొని పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారముల మీదుగా సంగారెడ్డి వరకు 65వ జాతీయ రహదారి నానుకొని సాగిన కర్మాగారముల వరుసలో, మిల్లీమీటరులో నూఱవ భాగము తేడా వచ్చినను వస్తువును పక్కకు త్రోసివేయు నేర్పరులు ఎందఱో కలరు. బీహెచ్‌ఈఎల్‌లో ఆవిరి టర్బైనుల భాగములను, ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగారములో యుద్ధశకటముల అంగములను కొలతకు తెచ్చువారే, సాయంకాలము అమీన్‌పూరులోనో బీరంగూడలోనో ఉన్న తమ యింటికి వచ్చి వంటగది గోడకు తిన్నని బద్ద నొకదానిని ఆనించి చూచినచో, ఆ మూలకును ఈ మూలకును నడుమ అంగుళము దాకా వంక కనబడుట వింత కాదు. ఇన్నాళ్లును ఆ వంక ఎవరికిని అడ్డు రాలేదు. పాత వంటింటిని విప్పి, కొత్తగా మాడ్యులర్ అలమరలను అమర్పబూనిన నాడు మాత్రము అది ఇంటిల్లిపాదికిని తలనొప్పి యగును.

పూర్వపు వంటింటిలో ఈ చిక్కు లేకపోవుటకు కారణము గలదు. సుతారి మేస్త్రి కడప బండలను నిలువుగా పాతి, వానిపై గట్టు పరచి, గోడలో షాబాదు బండలతో అరలు కట్టి, పైన సజ్జ పోసెడివాడు. గోడ ఎటు వంగిన బండ నటు జరిపి, మిగిలిన సందును సిమెంటుతో పూడ్చివేయుటచే, గోడ దోషమంతయు ఆ సిమెంటు పనిలోనే అణగిపోయెడిది. తరువాత వచ్చిన వడ్రంగియు ఇంటి వసారాలోనే కూర్చుండి, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్డు పలకను ఆ గోడకు తగినట్లే కోసెడివాడు. నేడు అలమరల డబ్బాలు యంత్రముపై కోయబడి, నాలుగు మూలలును ఖచ్చితమైన సమకోణములతో లారీలో దిగుచున్నవి. కొలత తప్పిన డబ్బాను మఱల కర్మాగారమునకు పంపవలసినదే గాని, ఇంటిలో సవరించుటకు వీలు స్వల్పము.

ఇట్టి వంటింటికి మూలరూపము జర్మనీలో పుట్టినది. 1926లో మార్గరెటె షుటె-లిహోట్స్కీ అను వాస్తుశిల్పిని, ఫ్రాంక్‌ఫర్టు నగరపు కొత్త గృహపథకము కొఱకు, రైలుబండిలోని భోజనశాల వంటగదిని పరిశీలించి, గృహిణి వేయు అడుగులను సైతము లెక్కించి, ఇంచుమించు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల గదిలో సమస్తమును ఇమిడ్చినది. అయితే అచ్చట గదియు అలమరయు ఒక్క పటము మీదనే రూపొందినవి. మన కాలనీలలోనో, ఎన్నడో కట్టిన గదిలోనికి నిన్న కోసిన డబ్బాలు వచ్చి చేరుచున్నవి. ఒకదాని నొకటి ఎఱుగని ఆ రెంటికి పొత్తు కుదుర్చుటయే ఈ పనిలోని అసలు కష్టము.

ఆ పొత్తునకు మొదటి మెట్టు కొలత. కడప బండలను పెకలించి, నీటిగొట్టములను, విద్యుత్తు తీగలను కొత్త చోటులకు మార్చి, గోడకు టైల్సు అతికించి, నేల పరచిన పిమ్మటనే తుదికొలత తీయవలెను. టైలును దాని క్రింది సిమెంటును కలిసి అర అంగుళము మందమైనను, ఎదురెదురు గోడల నడుమ అంగుళము తగ్గిపోవును. ముందే కొలిచి చేయించిన డబ్బా ఆ సందులో దూరదు. కొలుచునపుడైనను ఒక్కచోట కొలిచి ఊరకుండరాదు. క్రింద, నడుమ, పైన మూడుచోట్ల కొలిచి, అన్నింటిలో చిన్నదానిని లెక్కకు తీసికొనవలెను. మూల సమకోణమునకు ఒక్క డిగ్రీ తప్పినను పదియడుగుల గోడ చివరకు వచ్చుసరికి ఆ తేడా రెండంగుళము లగును. ఇందుకు కావలసినవి రసమట్టము, మూలమట్టము, నీళ్లు నింపిన సన్నని గొట్టము మాత్రమే. నేలలో అన్నింటికంటె ఎత్తైన తావును ఆ గొట్టముతో కనుగొని, అచ్చటినుండి పని సాగించినచో, పల్లములో నిలుచు డబ్బాల కాళ్లను త్రిప్పి ఎత్తు పెంచుట సులభము. పల్లమునుండి మొదలిడినచో మెరకలో నిలుచు డబ్బాను తగ్గించుటకు దారి యుండదు.

తరువాతి మాట చెక్కది. వంటింటికి శత్రువు నీరు. గది తేమను కొంత తట్టుకొనుటకు మాత్రమే తగిన ఎంఆర్ రకపు ప్లైవుడ్డు పై అలమరలకు చెల్లునేమో గాని, తొట్టి క్రింద నిలువజాలదు. అచ్చటికి ఐఎస్ 710 గుర్తు గల బీడబ్ల్యూపీ పలక తగును. దాని పొరల నంటించు జిగురు 72 గంటలు మఱుగు నీటిలో నానినను పట్టు విడువరాదని పరీక్ష. ఎండిఎఫ్ పలక చూపునకు నున్ననిదే, రంగు చక్కగా పట్టునదే; అయినను సాధారణపు రకము తడి తగిలినచో ఉబ్బి మఱల యథాస్థితికి రాదు. ఎంత మంచి పలకయైనను కోసిన అంచునుండియే నీరు పీల్చును. కనుక గొట్టము కొఱకు ఇంటిలో తొలిచిన రంధ్రముల అంచులకు సైతము పూత పూయించుకొనవలెను. అమర్చువారు తఱచుగా మఱచునది ఇదియే. కడప బండలను తీసిన చోట నేలయు గోడయు కలియు సందులలో, డబ్బాలు నిలుపక పూర్వమే చెదల మందు కొట్టింపవలెను.

పై అలమరలను వ్రేలాడదీయుట గోడ జాతిని బట్టి యుండును. ఎఱ్ఱ ఇటుక గోడ మేకును మరను బాగుగా పట్టును. నేటి అపార్టుమెంటులలో విరివిగా వాడు తేలిక దిమ్మెల గోడ లోపల బుడగబుడగలుగా నుండుటచే, మామూలు ప్లాస్టిక్ బిరడాలు వదులై ఊడివచ్చును. వానికి తగిన ప్రత్యేకపు బిగింపులు కావలెను. కాంక్రీటు గోడను తొలుచుటయే శ్రమ, లోపలి ఇనుప కడ్డీ తగిలినచో రంధ్రము చోటు మార్చుకొనవలసినదే. కందిపప్పు, బియ్యము, స్టీలు గిన్నెలు నిండిన అలమర బరువును ఖాళీ డబ్బాను చూచి ఊహింపరాదు. క్రింది అలమరలో 14.2 కిలోల గ్యాసు సిలిండరు నుంచువారు మఱొక సంగతి గమనింపవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో అడుగున చేరును. ఆ అరకు క్రిందిభాగమున గాలి పోవు కంతలు తప్పక యుండవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను గోడ గోడయే, డబ్బా డబ్బాయే. పని ముగియవచ్చిన వేళ మూలలో రెండంగుళముల సందు, పైకప్పు క్రింద ఒకవైపు వ్రేలు, మఱియొకవైపు బొటనవ్రేలు పట్టునంత ఎడము మిగులును. ఇంటాయన నిలదీయును, అమర్చువాడు, "నన్నేం జెయ్యమంటరు సార్, మీ గోడే గుణ్యల లేదు" అనును. ఇద్దఱి మాటయు నిజమే. అప్పుడు రంగమునకు వచ్చునవి పట్టీలు. మూలలో నింపుడు పట్టీ, అడుగున స్కర్టింగు, పైకప్పు క్రింద పై పట్టీ, గ్రానైటును టైలును కలియు చోట బీడింగు: ఇవి గోడవారికిని డబ్బావారికిని నడుమ మాట కుదుర్చు పెండ్లిపెద్దలు. మూలలోని పట్టీ సందును కప్పుటయే గాక, సొరుగు తెఱచునపుడు దాని పిడి పక్క తలుపునకు తగులకుండ ఎడమును ఇచ్చును.

పట్టీ కూర్చుటలోనే పనివాని చేయి తెలియును. నేర్పరి యైనవాడు పట్టీని కావలసినదానికంటె కొంత వెడల్పుగా కోసి, గోడ చెంత నిటారుగా నిలిపి, చిన్న చెక్కముక్కకు పెన్సిలు ఆనించి గోడ వెంబడి నడిపించును. గోడ వంకర యంతయు గీతగా పట్టీ మీదికి దిగును. ఆ గీత వెంట చిత్రిక పట్టినచో పట్టీ ఒక అంచు గోడవలె వంకరయై, మఱియొక అంచు డబ్బావలె తిన్ననై యుండును. ఇది ఓపికతో కూడిన పని. ఓపిక లేనివాడు తిన్నని పట్టీనే అతికించి, సందులో సిలికాను నింపి పోవును. సన్నని గీతవంటి సందునకు సిలికాను చాలును. వెడల్పైన సందులో అది క్రమముగా నల్లబడి, అంచులు విడిచి, లోనికి నీటిని, బొద్దింకలను రానిచ్చును.

ఈ చివరి పనికే కూలి తక్కువగా దొరకుట విచారకరము. మన ప్రాంతములో మాడ్యులర్ వంటింటి ధరను సామాన్యముగా అలమరల ముఖభాగపు చదరపుటడుగుల లెక్కన చెప్పుదురు. ఆ లెక్కలో పట్టీలు, స్కర్టింగు, పక్క పలకలు ఉన్నవో లేవో ఒప్పందములో స్పష్టముగా వ్రాయకపోవుటచే తగవులు వచ్చును. సుతారి తన దోషమును టైల్సువానికి, టైల్సువాడు దానిని ఫిట్టరుకు విడిచిపోవును. ఎక్కడెక్కడినుండియో వచ్చిన ఆ ఫిట్టరుకు మఱునాడు మఱియొక యింట పని కాచుకొని యుండును. కనుక పట్టీల నిడివిని, వాని కూలిని వేఱుగా వ్రాయించుకొనుడు. గోడ వంకను ముందే కలిసి కొలిచి ఆ కాగితము మీదనే గుర్తింపుడు. కీలుల మరలను సరిచేయుటకు నెల గడచిన పిమ్మట ఒకసారి రావలెనని షరతు పెట్టుకొనుడు. చివరి వాయిదాను డబ్బాలు దిగిన దినమున గాక, పట్టీలు ముగిసి తలుపులన్నియు సరిగా మూతపడిన దినమున చెల్లించుట న్యాయము. అట్లు చేసినచో గోడ వంకరను సర్దిన చేతికి దాని ప్రతిఫలము దక్కును, ఇంటివారికిని తొందరపాటు పని అంటగట్టబడదు.