మేనత్త నిలిపిన స్తంభాలు

తర్లుపాడు నుంచి మార్కాపురం, ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. చుట్టూ సాగర్ నీళ్లే! డ్యాం కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. ఎండ చల్లబడేవేళ మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుడి ముందు నిలబడితే కాలు కదలదు.

వీటి వెనక ఆడవాళ్ల చెయ్యి ఉందని తెలుసా? మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిశ్రీ మహాచైత్యం దగ్గర శిలాస్తంభాలు నిలిపింది. బోధిశ్రీ రాణి కాదు, మామూలు ఉపాసిక. ఆవిడ సింహళ బౌద్ధుల కోసం చైత్యగృహమే కట్టించింది. ఊరు నీట మునిగినా శాసనాల్లో వాళ్ల పేర్లు మిగిలాయి. పిల్లల్ని తీసుకెళ్తే రాజుల పేర్లతోపాటు ఈ రెండు పేర్లూ చెప్పండి.

దీవిమీద రాత్రి బస ఉండదు. తిరుగు లాంచీ వేళ ముందే కనుక్కోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.