యుద్ధాన్ని దాటిన సబ్బు!

పైన గోధుమరంగు... కోస్తే లోపల ఆకుపచ్చ! సిరియాలోని అలెప్పో నగరానికి పేరు తెచ్చిన సబ్బు ఇది. ఆలివ్‌నూనె, లారెల్‌నూనె, క్షారం కలిపి పెద్ద కాగులో రోజుల తరబడి ఉడికిస్తారు. నేలమీద పోసి, ముక్కలు కోసి, ముద్ర వేసి, దొంతరలుగా పేర్చి నెలలపాటు ఆరబెడతారు.

2012లో అంతర్యుద్ధం మంటలు పాత బజారును కాల్చేశాయి. కొందరు తయారీదారులు టర్కీకి వలసపోయి అక్కడే కాగులు పెట్టారు. 2023 ఫిబ్రవరి భూకంపం మరో దెబ్బ. అయినా పని ఆగలేదు. 2024లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

తయారీ పద్ధతి కాగితమెక్కింది, సంతోషమే. కానీ పాకం కుదిరిందో లేదో చూపుతోనే చెప్పే అనుభవం కాగితంలో దొరకదు. అది నేర్చుకునే కుర్రాళ్లు కావాలి. సబ్బు అమ్ముడుపోతేనే వాళ్లు నిలబడతారు!