పెరటి తోట నుంచి వంటశాల వరకు: సముదాయానికి నిధులు ఎలా అందుతాయి?

మీ ఊళ్లో పదిమంది మహిళలు పురుగుమందులు లేని కూరగాయలు పండించి, గర్భిణులకూ పసిపిల్లలకూ వండిపెట్టాలనుకున్నారు. స్థలం ఉంది, పనిచేసే చేతులున్నాయి. మరి డబ్బు?

స్వర్ణముఖి ఒడ్డునున్న నాయుడుపేటను ఉదాహరణగా తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చిన ఈ పట్టణం చుట్టూ వరి పొలాలే ఎక్కువ. వరి పండే ఊళ్లలో బియ్యానికి లోటుండదు. ఆకుకూర మాత్రం బజారు నుంచే రావాలి. అందుకే ఇక్కడ పెరటి తోట సరదా కోసం వేసేది కాదు.

రాష్ట్రంలో మిగతా చోట్ల మాదిరే ఇక్కడా మొదటి పెట్టుబడి పొదుపు సంఘానిది. సంఘాలు గ్రామ సమాఖ్యగా, గ్రామ సమాఖ్యలు మండల సమాఖ్యగా ఏర్పడతాయి. ఈ నిర్మాణం ఆధారంగానే 2004-05లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పురుగుమందులు లేని సాగును మొదలుపెట్టింది. తరువాత రైతు సాధికార సంస్థ దానిని ప్రకృతి వ్యవసాయంగా విస్తరించింది. దీనికి కేంద్ర వ్యవసాయ పథకాల నిధులు, అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ సాయం, జర్మనీ అభివృద్ధి బ్యాంకు రుణం తోడయ్యాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ వ్యయం రూ.2,481 కోట్లు; అందులో రూ.1,584 కోట్లు కేంద్రానివి, మిగతావి రాష్ట్రాలవి.

ఇంత డబ్బు దేనికి? ద్రవజీవామృతానికి కావలసినవి పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఇవన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. అసలు ఖర్చు మనుషుల మీద. ఇప్పటికే ఇలా సాగుచేస్తున్న రైతు పక్క రైతుకు నేర్పాలి, ఆమె శ్రమకు గౌరవవేతనం ఇవ్వాలి. నిధుల పట్టిక చదివేటప్పుడు విద్యార్థులు తరచూ దాటవేసే పద్దు ఇదే.

వంట విషయానికొస్తే దారి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సమాఖ్యలు పోషకాహార కేంద్రాలు నడిపాయి. గర్భిణులు, బాలింతలు అక్కడికొచ్చి భోంచేసేవారు; ఖర్చులో కొంత వారే భరించేవారు, కొంత పథకం నిధుల నుంచి వచ్చేది. 2013లో ప్రభుత్వం ‘ఇందిరమ్మ అమృతహస్తం’ పేరుతో అంగన్‌వాడీల్లో ఒక పూట పూర్తి భోజనం మొదలుపెట్టింది. ప్రభుత్వ బడ్జెట్ దొరికితే భోజనానికి భరోసా పెరుగుతుంది. ఏం వండాలో నిర్ణయించే అధికారం మాత్రం సమాఖ్య చేతిలోంచి కొంత జారిపోతుందని మా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కరలేదు.

మూడో దారి ఆహార శుద్ధి. 2020లో వచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం (పీఎంఎఫ్‌ఎంఈ) కింద పచ్చళ్లు, పొడులు, వడియాలు వంటివి తయారుచేసే సంఘ సభ్యురాలికి గరిష్ఠంగా రూ.40,000 మూలధనం అందుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా గమనించండి. ఆ మొత్తం సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది. సభ్యురాలికి మాత్రం అప్పుగా చేరుతుంది. పదిమంది తీసుకుంటే రూ.4,00,000. వారు వాయిదాలు కడితే అదే సొమ్ము మరో పదిమందికి తిరుగుతుంది. సగమే తిరిగొస్తే తరువాత అవకాశం ఐదుగురికే. తిరిగి కట్టనక్కరలేదని ఎవరో చెప్పిన మాట నమ్మి సంతకం పెట్టిన ఇల్లాలికి ఈ తేడా బాగా తెలిసొస్తుంది.

ఇంకొకటి, ఈ సొమ్ము ఆహార శుద్ధికే. కూరగాయల మళ్లకు గానీ, ఉచిత భోజనానికి గానీ వాడటానికి వీల్లేదు. అంటే మొదట అనుకున్న పదిమందీ ఒకే దరఖాస్తుతో పని ముగించలేరు; సాగుకు ఒక తలుపు, వంటకు మరొకటి తట్టాలి.

అభ్యాసం: మీ గ్రామ సమాఖ్య అనుమతితో గత ఏడాది తీర్మానాల పుస్తకం చూడండి. ఆహారానికి సంబంధించి వచ్చిన ప్రతి మొత్తానికీ ఎదురుగా అది గ్రాంటో, అప్పో, సభ్యుల పొదుపో రాయండి. ఆ సొమ్ము ఖర్చును నిర్ణయించినదెవరో పక్కనే నమోదు చేయండి.