అంబాసిడర్ ముందద్దం మార్చడమెలా?

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అందుచేత పాత బండి ఉన్నవారు ముందద్దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. రబ్బరు పోతే పోనివ్వండి, అద్దం దక్కాలి.

ఈ కారులో అద్దాన్ని జిగురుతో అతికించరు. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగే దాన్ని పట్టి ఉంచుతుంది. ముందుగా వైపర్లు తీసెయ్యాలి. గట్టిపడిన రబ్బరు బైటి అంచును కత్తితో కోసేశాక, లోపల ఒకరు పైమూలల దగ్గర అరచేతులతో మెల్లగా నెడితే, బైట ఇద్దరు అందుకోవాలి. కాలితో తన్నారంటే బలమంతా ఒక్కచోటే పడి అద్దం బీటలిస్తుంది!

పాత రబ్బరు కింద నీరు నిలిచి రేకు అంచు తుప్పు పట్టివుంటుంది. దాన్ని గీకి, రెడాక్సైడు పూసి, రంగు వేసి ఆరనివ్వాలి. ఈ పని ఎగ్గొడితే కొత్త రబ్బరు వేసినా వానకు కారక మానదు.

తరువాత కొత్త రబ్బరును అద్దానికి తొడిగి, రేకు దూరే గాడిలో చుట్టూ సన్నని నైలాన్ తాడు పెట్టి, కొసలు రెండూ కింద మధ్యలో కారు లోపలికి వదలాలి. సబ్బునీళ్ళు రాసి, అద్దాన్ని బైటనుంచి ఆనించి, ఒకరు లోపల తాడు లాగుతూంటే మరొకరు బైట అరచేత్తో తట్టాలి. తాడు వచ్చిన మేరకే రబ్బరు అంచు రేకు మీది కెక్కుతుంది. అంటే బలం ఒక్కసారిగా కాక అంగుళం అంగుళంగా పడుతుందన్నమాట.

చివర బక్కెట్టెడు నీళ్ళు పోసి చూడండి. లోపల చుక్క పడకపోతే పని కుదిరినట్లే.