బాక్సు వస్తేనే బొమ్మ!

సినిమాకి అసలు హీరో ఎవరు? ఎన్టీఆరా, ఏఎన్నారా, కృష్ణా? మా నస్పూర్ కుర్రాళ్లను అడిగితే నాలుగో పేరు చెప్పేవాళ్లం. సైకిలు మీద రీలు డబ్బాలు మోసే కుర్రాడు! నవ్వకండి, సంగతి వినండి.

ఫిల్ము రోజుల్లో ఒక రీలు వెయ్యి అడుగులు. తెరమీద 11 నిమిషాలు. రెండున్నర గంటల బొమ్మంటే దాదాపు 14 రీళ్లు. ప్రింటు తీయించడం ఖరీదైన వ్యవహారం. అందుకే లెక్కపెట్టి తీయించేవారు. 1963లో రంగుల 'లవకుశ' విడుదలైంది 26 కేంద్రాల్లోనే! మద్రాసు లాబొరేటరీలో తయారైన ప్రింటు నైజాం పంపిణీదారు చేతికొచ్చి, పెద్ద ఊళ్లలో ఆడాకే చిన్న ఊళ్లకు బాక్సు కదిలేది. అక్కడ ఇంకో వారం ఆడిందా, ఇక్కడ పోస్టరు మీద 'త్వరలో' అలాగే ఉండిపోయేది.

ఒక్కోసారి ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునేవి. ఇక్కడ ఆట మొదలైన అరగంటకో, ముప్పావు గంటకో అక్కడ మొదలు. ఆడిన రీలు చుట్టి డబ్బాలో పెట్టగానే సైకిలు పరుగు. దారిలో పంక్చరైతే? అక్కడ తెర తెల్లగా, హాలు ఈలలతో!

మా బాపు సింగరేణి కార్మికుడు. నైట్ షిఫ్టు 11 గంటలకు. ఓసారి పక్కనున్న మంచిర్యాలలో ఫస్ట్ షోకి తీసుకెళ్లాడు. ఇంటర్వెల్ అయింది, రీలు రాలేదు. పది నిమిషాలు... ఇరవై... అరగంట. బాపు గడియారం చూసుకున్నాడు. ఆలస్యమైతే మస్టరు పోతుంది.

"నువ్వు చూసి రా బిడ్డా. కడమ కథ పొద్దుగాల చెప్పు" అని లేచి వెళ్లిపోయాడు.

పొద్దున డ్యూటీ దిగొచ్చిన బాపుకి ఫైటింగులతో సహా క్లైమాక్సు ఆడి చూపించాను. పడీ పడీ నవ్వాడు. "ఆదివారం మళ్ల పోదాం" అన్నాడు. ఆదివారానికి బాక్సు ఇంకో ఊరు చేరింది. బాపు ఆ క్లైమాక్సు చూడనేలేదు.

ఇప్పుడు డబ్బాలు లేవు. హార్డ్ డిస్కులోనో, ఉపగ్రహం ద్వారానో బొమ్మ హాలుకు చేరుతుంది. 2017 ఏప్రిల్ 28న 'బాహుబలి 2' ఒకేరోజు వేల తెరలమీద పడింది! అయినా డిజిటల్ బొమ్మకూ తాళముంది. వేళకు 'కీ' అందకపోతే ఎంత పెద్ద హీరో అయినా తెర వెనకే!

ఈసారి టైటిల్స్ పడగానే మీ హీరోకి ఈల వేస్తారుగా? ఆ సైకిలు కుర్రాడి పేరున ఇంకొకటి వేయండి!