ఆటగానికి నేర్పొక్కటే చాలునా?

మన సాంచాల వాడలలో సాయంకాలమున బంతి తన్ను బాలురలో ఒకడు తక్కినవారికంటె చురుకైనవాడుగా కానవచ్చును. ఆ చురుకుదనమొక్కటే వానిని గొప్ప ఆటగానిని చేయగలదా?

1936లో సికిందరాబాదు చెంత అమ్ముగూడలో బీదకుటుంబమున జన్మించిన తులసీదాస్ బలరాం జీవితమే దీనికి సమాధానము. నేర్పు అతనికి పుట్టుకతో వచ్చినది. దానిని తీర్చిదిద్దినవాడు, ఉపాధ్యాయవృత్తి చేసిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. బంతిని తనయొద్ద నిలుపుకొనక వెంటనే సహచరునకందించుట ఆయన బోధించిన పాఠము. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్సు కప్పును గెలిచినది. అట్టి వాతావరణమున ఎదిగిన బలరాం 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాల్గవ స్థానము పొందిన భారత జట్టులో నుండెను. 1960లో రోమునందు హంగేరీ, పెరూ జట్లపై గోలులు చేసెను. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచిన జట్టులోను ఆడెను. కాని అనారోగ్యముచే మరుసటి యేడే ఆట విరమింపవలసి వచ్చెను.

కావున తల్లిదండ్రులారా! పిల్లవానికి సాయంకాలమున ఒక గంట విడువుడు. పుష్టికరమైన తిండి పెట్టుడు. ఓడిననాడు వానినిగాని, తోడివారినిగాని నిందింపకుడు. పడుగెంత గట్టిదైనను పేక లేనిదే బట్ట కాదని మనకు వేరుగా చెప్పవలెనా?