ఎడారి పాడి

జకాత్ అధ్యాయం బోధించే ప్రతి సంవత్సరం మా విద్యార్థులు ఒకచోట ఆగిపోతారు. ఒంటెలు 25కు చేరితే ఒక ‘బింతె మఖాజ్’, 36కు చేరితే ఒక ‘బింతె లబూన్’ చెల్లించాలని ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. మొదటి మాటకు చూడి ఒంటె కూతురని, రెండవ దానికి పాలిచ్చే ఒంటె కూతురని అర్థం. ఏడాది నిండిన పిల్లకు, రెండేళ్లు నిండిన పిల్లకు తల్లి స్థితిని బట్టి పేరు పెట్టడమేమిటని వారి సందేహం. గేదె పాడి తప్ప ఎరుగని పిల్లలకు ఈ సందేహం రావడం సహజమే.

సమాధానం ఒంటె ఈతలో ఉంది. అది సుమారు 13 నెలలు చూలు మోస్తుంది. పిల్లకు ఏడాది నిండేసరికి తల్లి మళ్లీ చూడి కట్టే కాలం వస్తుంది. రెండేళ్లు నిండేసరికి అది మరో పిల్లకు పాలిస్తూ ఉంటుంది. అరబ్బులు పిల్ల వయస్సును తల్లి పాడితో లెక్కించారన్నమాట.

పాడి ఏడాది నుండి ఏడాదిన్నర వరకు సాగుతుంది. మేతను బట్టి రోజుకు 3 నుండి 10 లీటర్ల పాలు వస్తాయి. మేలుజాతి గేదె ముందు ఇదేమంత గొప్ప కాదనిపించవచ్చు. అయితే ఆవులు వట్టిపోయే కరువులో, ముళ్ల కంపలు మేసి ఇచ్చే పాలివి. నీరు దొరకని రోజుల్లో ఒంటె పాలలో వెన్న తగ్గి, నీటి శాతం పెరుగుతుంది. తాను దప్పికతో ఉండి కూడా పిల్లకు నీరందిస్తుంది! ఒంటె సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ 88వ అధ్యాయం ఎందుకు పిలుపునిచ్చిందో ఇటువంటి విషయాలు తెలిసినప్పుడు మరింత బోధపడుతుంది.

ఇదంతా అరేబియాకే పరిమితమైన సంగతి కాదు. గుజరాత్‌లోని కచ్ తీరంలో ఫకీరానీ జత్ అనే ముస్లిం పశుపోషకులు తరతరాలుగా ఖారాయీ ఒంటెలను మేపుతున్నారు. ఈ ఒంటెలు సముద్రపు పాయలలో ఈదుకుంటూ వెళ్లి మడ అడవులలో మేస్తాయి. ఒకప్పుడు ఆ ఇళ్లలో పాలు అమ్మడం తప్పు; అతిథికి ఉచితంగా పోసేవారు. బరువులు మోయడానికి, బండ్లు లాగడానికి మగ పిల్లలను అమ్మడమే వారి రాబడి. వాహనాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. 2012లో దేశంలో 4 లక్షలున్న ఒంటెలు 2019 పశుగణన నాటికి రెండున్నర లక్షలకు తగ్గాయి. ఇక మిగిలిన ఆధారం పాలే. ఆహార భద్రతా సంస్థ 2016లో ఒంటె పాలకు ప్రమాణాలు నిర్ణయించింది. 2019లో అమూల్ సంస్థ కచ్ పాలను సీసాలలో విపణికి తెచ్చింది. ఆచారం విడిచారని ఆ కుటుంబాలను మేము తప్పుపట్టలేము. పాలకు ధర లేకపోతే మందే మిగలదు.

మా ఆందోళన మరొకటి. పిల్ల కుడిస్తేనే ఒంటె చేపుతుంది. చేపు ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవదు. అందుకే చాలాచోట్ల కాపరులు నాలుగు చన్నులలో రెంటిని పిల్లకే వదులుతారు. గిరాకీ పెరిగిన కొద్దీ ఈ వాటాపై చేయి పడే ప్రమాదముంది. పిల్ల చనిపోతే తల్లి తరచూ వట్టిపోతుంది.

కొనేవారికీ ఒక మాట. మధుమేహానికి ఈ పాలే మందని నమ్మి ఇన్సులిన్ మానివేయడం ప్రాణాంతకం. పచ్చిపాల ద్వారా బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులు సోకుతాయి గనుక కాచి తాగడమే క్షేమం.

హనఫీ ఫిఖహ్ ప్రకారం పశువుల జకాత్ లెక్కలోకి వచ్చేవి ఏడాదిలో ఎక్కువ కాలం బయళ్లలో స్వేచ్ఛగా మేసే ‘సాయిమా’ పశువులే. కచ్‌లో ఉప్పు మడులు, రేవులు విస్తరించిన చోట మడ చెట్లు తరిగిపోతున్నాయి. అక్కడి కాపరులు పాల ధరతో పాటు మేత బయళ్లనూ అడుగుతున్నది ఇందుకే.